రింగ్‌కు వీపు పెట్టి ఆడే ఆట

బాస్కెట్‌బాల్ కోర్టులో రింగ్ ముందు గీతలు గీసి, చాలాచోట్ల రంగు కూడా వేసి ఉండే దీర్ఘచతురస్రాన్ని లేన్ అంటారు. ఆడేవాళ్ల వాడుకలో అది పెయింట్. అమెరికా కాలేజీ కోర్టుల్లో దీని వెడల్పు 12 అడుగులు. లేన్ అంచున రింగ్‌కు దగ్గరగా ఉండే చోటు లో పోస్ట్, ఫ్రీ త్రో గీత దగ్గరి చోటు హై పోస్ట్. ఈ చోట్లలో నిలబడి, ఎక్కువగా రింగ్‌కు వీపు పెట్టి బంతి అందుకునే క్రీడాకారిణి పోస్ట్ ప్లేయర్. జట్టులో అందరికన్నా పొడుగ్గా ఉండే సెంటర్‌దీ, ఆమెకు జోడీగా ఉండే పవర్ ఫార్వర్డ్‌దీ ఈ పని.

షాట్ వేయాల్సిన రింగ్‌కే వీపు పెట్టడం చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. కానీ అలా నిలబడినప్పుడు ఆమె శరీరమే బంతికీ డిఫెండర్‌కూ మధ్య గోడ. లెక్క కూడా ఆమె వైపే ఉంటుంది. రింగ్ దగ్గర పది షాట్లలో ఆరు పడితే 12 పాయింట్లు. మూడు పాయింట్ల గీత బయటి నుంచి అదే ఫలితం రావాలంటే పదింటిలో నాలుగు పడాలి, అది మంచి షూటర్లకే సాధ్యం. పైగా లోపల ఆడేటప్పుడు ఫౌళ్లు ఎక్కువ పడతాయి, ఫ్రీ త్రోలు వస్తాయి, ఎదుటి జట్టు సెంటర్ ఐదు ఫౌళ్లతో బయటికి వెళ్లే అవకాశం పెరుగుతుంది.

లాభం అక్కడితో ఆగదు. బంతి పోస్ట్‌లోకి చేరగానే ఐదుగురు డిఫెండర్ల తలలూ అటు తిరుగుతాయి, కాళ్లు ఒక అడుగు లోపలికి పడతాయి. ఆ ఒక్క అడుగుతో బయట ఉన్న షూటర్లకు చోటు దొరుకుతుంది. బయటి షాట్లు పడటం మొదలైతే డిఫెండర్లు గీత దాకా వెళ్లాల్సి వస్తుంది, అప్పుడు లోపల ఖాళీ అవుతుంది. మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో దాడి వ్యూహాలు చాలావరకు ఈ లోపలి-బయటి లంకె చుట్టూ అల్లినవే.

బంతి రాకముందే జరిగే పోరు

పోస్ట్ ఆటలో సగం పని బంతి చేతికి రాకముందే అయిపోతుంది. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు, పోస్ట్ ప్లేయర్ ముందుగా చోటు పట్టుకోవాలి. డిఫెండర్ కాలికి తన కాలు అడ్డుపెట్టి, మోకాళ్లు వంచి, నడుము కిందికి దించి, ఆమెను వీపు వెనక బంధిస్తుంది. దీన్ని సీల్ అంటారు. డిఫెండర్‌కు దూరంగా ఉన్న చేతిని చాపి, బంతి ఎక్కడ కావాలో చూపిస్తుంది. నిటారుగా నిలబడిన ఆరున్నర అడుగుల మనిషిని పక్కకు నెట్టడం తేలిక, వంగి కూర్చున్నట్టు నిలబడిన ఆరడుగుల మనిషిని కదపడం కష్టం. అందుకే కోచ్‌లు ఎత్తు కన్నా ముందు నిలబడే తీరు నేర్పుతారు.

ఇందులో కాలం కూడా చూసుకోవాలి. దాడి చేసే జట్టు మనిషి లేన్‌లో మూడు సెకన్లకు మించి ఉండకూడదు. అందువల్ల పోస్ట్ ప్లేయర్ లోపలికి వచ్చి, చోటు పట్టి, బంతి రాకపోతే బయటికి వెళ్లి మళ్లీ రావాలి. కాలేజీ ఆటలో ఒక్కో దాడికి ఉన్న గడువు 30 సెకన్లు. అందులో రెండు మూడు సార్లకు మించి ఈ ప్రయత్నం కుదరదు.

లోపలికి బంతి పంపడాన్ని ఎంట్రీ పాస్ అంటారు. చూడటానికి చిన్న పాస్, చేయడానికి మాత్రం అంత తేలిక కాదు. బయటి నుంచి పాస్ ఇచ్చే క్రీడాకారిణి, అంటే గార్డ్, ముందు ఒక డిఫెండర్ చేతులు చాచి ఉంటుంది. బంతి పైనుంచి వెళ్తున్నట్టు నటించి, ఆ చేతులు లేచాక కింద నేలకు కొట్టి పంపాలి. పోస్ట్‌లో ఉన్న మనిషి చాపిన చేతి వైపే, అంటే డిఫెండర్‌కు అందని వైపే వేయాలి. కోణం సరిగా లేకపోతే గార్డ్ ఒకటి రెండు సార్లు డ్రిబుల్ చేస్తూ పక్కకు జరిగి కోణం సరిచేసుకుంటుంది.

బంతి అందిన తర్వాత

బంతి అందగానే దాన్ని గడ్డం కింద పట్టి, మోచేతులు బయటికి పెట్టి, వీపుకు డిఫెండర్ ఏ వైపు ఆనుతోందో గమనించాలి. ఒత్తిడి ఎడమ వైపు ఉంటే కుడి వైపు దారి ఉన్నట్టే. అప్పుడు కుడి కాలిని వెనక్కి, డిఫెండర్ పాదాన్ని దాటేలా రింగ్ వైపు వేసి, నడుమును ఆ వెంటే తిప్పి, ఒక్క బలమైన డ్రిబుల్‌తో బోర్డుకు కొట్టి షాట్ వేస్తుంది. దీని పేరు డ్రాప్ స్టెప్. డిఫెండర్ వెనక నేరుగా ఉంటే లేన్ మధ్యకు తిరిగి, దూరపు చేతితో బంతిని భుజం మీదుగా ఎత్తి హుక్ షాట్ వేస్తుంది. హుక్ వేస్తున్నట్టు చూపి, డిఫెండర్ గాల్లోకి లేవగానే ఆమె చేతుల కిందుగా అడుగు వేసి వెళ్లడం అప్ అండ్ అండర్.

ఈ పనితనానికి సాధనలో ఒక పాత పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. 1940లలో డిపాల్ యూనివర్సిటీలో ఆడిన జార్జ్ మైకన్ పేరుతో దాన్ని మైకన్ డ్రిల్ అంటారు. రింగ్ కింద నిలబడి కుడి పక్క నుంచి కుడి చేత్తో ఒక షాట్, వల లోంచి జారిన బంతిని నేల తాకనివ్వకుండా పట్టి ఎడమ పక్క నుంచి ఎడమ చేత్తో మరో షాట్. బంతి గడ్డం కన్నా కిందికి దిగకూడదు. దించితే పక్కనున్న పొట్టి గార్డ్ కూడా లాగేసుకుంటుంది.

మహిళల ఆటలో ఈ అడుగుల పనికి విలువ మరింత ఎక్కువ. రింగ్ ఎత్తు అందరికీ పది అడుగులే. మహిళల కాలేజీ ఆటలో డంక్ అరుదు. 1984లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ క్రీడాకారిణి జార్జియాన్ వెల్స్ చేసిన డంక్‌ను మహిళల కాలేజీ ఆటలో మొదటిదిగా చెబుతారు. పైకి ఎగిరి పని కానిచ్చే వీలు తక్కువ కాబట్టి చోటు, కోణం, బోర్డు వాడకం గెలుపును తేలుస్తాయి. మహిళలు ఆడే బంతి చుట్టుకొలత 28.5 అంగుళాలు, పురుషుల బంతి కన్నా ఒక అంగుళం తక్కువ. 1984-85 సీజన్ నుంచి కాలేజీల్లో ఇదే వాడుతున్నారు. ఒక్క చేత్తో బంతిని పట్టి నిలపడానికి ఇది కొంత వెసులుబాటు.

సగం కోర్టు నుంచి పూర్తి కోర్టుకు

మసాచుసెట్స్‌లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ 1892లో మహిళలకు ఈ ఆట నేర్పడం మొదలుపెట్టారు. అప్పట్లో కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్లే ఉండాలన్నారు. తర్వాత రెండు భాగాల ఆట వచ్చింది. ఆరుగురి జట్టులో ముగ్గురు దాడికి, ముగ్గురు రక్షణకు, మధ్య గీత దాటడం నిషేధం. కాలేజీల్లో ఐదుగురితో పూర్తి కోర్టు ఆట 1971లో స్థిరపడింది. అయోవా రాష్ట్రంలోని హైస్కూళ్లలో మాత్రం ఆరుగురి ఆట 1993 దాకా సాగింది.

కొత్త పద్ధతిలో పోస్ట్ ఆటకు తొలి పెద్ద పేరు లూసియా హారిస్. మిసిసిపీలోని డెల్టా స్టేట్ యూనివర్సిటీ తరఫున ఆడిన ఈ 6 అడుగుల 3 అంగుళాల సెంటర్, తన జట్టుకు 1975, 1976, 1977లలో వరుసగా మూడు జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టారు. ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్‌ను 1976 మాంట్రియల్ క్రీడల్లో చేర్చినప్పుడు అందులో తొలి బాస్కెట్ ఆమెదే.

అయోవా ఆరుగురి ఆటలో పెరిగిన జాన్ జెన్సెన్ కథ మరో రకం. హైస్కూల్ చివరి ఏడాది మ్యాచ్‌కు సగటున 60కి పైగా పాయింట్లు చేసిన ఆమె, తర్వాత యూనివర్సిటీ ఆఫ్ అయోవాలో లిసా బ్లూడర్ దగ్గర సహాయ కోచ్‌గా ఏళ్ల తరబడి పోస్ట్ ప్లేయర్లను తీర్చిదిద్దారు. ఆమె శిష్యురాలు మేగన్ గుస్టాఫ్‌సన్ 2018-19లో మ్యాచ్‌కు సగటున 27.8 పాయింట్లతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలే. బంతి రాకముందే చోటు పట్టడం, అందిన వెంటనే వదలడం ఆమె బలం.

డిఫెన్స్ ఇచ్చే జవాబు

మంచి పోస్ట్ ప్లేయర్‌ను ఆపడానికి మూడు దారులు. మొదటిది ఫ్రంటింగ్: డిఫెండర్ వెనక కాకుండా ముందు నిలబడి ఎంట్రీ పాస్‌నే అడ్డుకోవడం. రెండోది డబుల్ టీమ్: బంతి అందగానే మరో డిఫెండర్ కూడా వచ్చి ఇద్దరూ కలిసి చుట్టుముట్టడం. మూడోది జోన్: మనిషికి మనిషి కాకుండా చోటుకు మనిషి చొప్పున నిలిచి లేన్‌ను నింపేయడం. అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ అయిన డబ్ల్యూఎన్‌బీఏలో ఎవరినీ కాయకుండా డిఫెండర్ లేన్‌లో మూడు సెకన్లకు మించి నిలబడితే తప్పు. కాలేజీ నిబంధనల్లో ఆ ఆంక్ష లేదు. అందుకే కాలేజీ ఆటలో లేన్ ఇంకా ఇరుగ్గా ఉంటుంది.

దాడి వ్యూహాలు వీటికి విరుగుళ్లే. ఫ్రంటింగ్‌కు విరుగుడు హై-లో. ఒక పొడగరి హై పోస్ట్‌కు వచ్చి బంతి అందుకుంటుంది. లో పోస్ట్‌లో ఉన్న రెండో పొడగరి తన ముందు నిలబడిన డిఫెండర్‌ను అలాగే బయటి వైపు బంధించి ఉంచుతుంది. రింగ్ వైపు అంతా ఖాళీ. పైనుంచి బంతి ఆ ఖాళీలోకి వస్తుంది. డబుల్ టీమ్‌కు విరుగుడు కిక్ అవుట్. ఇద్దరు ఒకరి మీద పడ్డారంటే మరెక్కడో ఒకరు ఖాళీగా ఉన్నట్టే. ఆమెను చూసి బంతి బయటికి పంపగలిగిన సెంటర్‌కు, పాయింట్లు మాత్రమే చేయగల సెంటర్ కన్నా విలువ ఎక్కువ. జోన్‌ను ఛేదించడానికి ఫ్రీ త్రో గీత దగ్గర ఒకరిని నిలబెట్టి, బంతిని ముందు అక్కడికి చేరుస్తారు. జోన్ మధ్యలోంచి అన్ని వైపులా పాస్‌కు దారి ఉంటుంది.

వీటన్నిటినీ ఒక్క అల్లికలో చేర్చిన పద్ధతి ట్రయాంగిల్. ఒక పక్క పోస్ట్, మూల, రెక్క స్థానాల్లో ముగ్గురు త్రిభుజంగా నిలుస్తారు, రెండో పక్క ఇద్దరు ఉంటారు. ముందే రాసిపెట్టిన ఎత్తుగడ కాకుండా, డిఫెండర్ ఎటు కదిలితే దానికి తగ్గట్టు తర్వాతి పాస్ ఉంటుంది. కోచ్ టారా వాన్‌డర్‌వీర్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టుకు ఈ పద్ధతిని నేర్పించి, పొడుగైన క్రీడాకారిణులనే పాస్‌లకు ఇరుసుగా వాడుకున్నారు.

నేటి జట్లు పోస్ట్‌లో నిలబెట్టి బంతి పంపడంతో పాటు పిక్ అండ్ రోల్‌నూ ఎక్కువగా వాడుతున్నాయి. సెంటర్ పైకి వచ్చి గార్డ్‌ను కాస్తున్న డిఫెండర్‌కు అడ్డుగా నిలుస్తుంది. గార్డ్ ఆ అడ్డును ఆనుకుని దూసుకెళ్లగానే సెంటర్ తిరిగి రింగ్ వైపు పరుగెత్తుతుంది. చేరేది ఆ పాత చోటికే, కాకపోతే నడుస్తూ కాకుండా పరుగెడుతూ చేరుతుంది. మహిళల మూడు పాయింట్ల గీత 2021-22 సీజన్ నుంచి 20 అడుగుల 9 అంగుళాల దూరం నుంచి 22 అడుగుల 1.75 అంగుళాలకు జరిగింది. షూటర్లు వెనక్కి వెళ్లారు, డిఫెండర్లు వాళ్ల వెంట వెళ్లక తప్పలేదు, మధ్యలో పరుగుకు చోటు పెరిగింది.

మైదానంలో తేలిన లెక్క

ఒంటరి సెంటర్ ఎంత గొప్పదైనా బయటి సాయం లేకపోతే ఏమవుతుందో 2013 మార్చిలో తేలింది. 6 అడుగుల 8 అంగుళాల బ్రిట్నీ గ్రైనర్ అంతకు ముందు ఏడాది బేలర్ యూనివర్సిటీ జట్టుకు 40 మ్యాచ్‌ల్లో 40 విజయాలతో టైటిల్ అందించింది. 2013లో కాలేజీల జాతీయ టోర్నీ అయిన ఎన్‌సీఏఏలో లూయివిల్ జట్టు ఆమె చుట్టూ మనుషుల్ని మోహరించి 14 పాయింట్ల దగ్గర ఆపింది. అటు తన దాడిలో 25 మూడు పాయింట్ల షాట్లకు 16 వేసింది. ఫలితం 82-81.

సౌత్ కరోలినా యూనివర్సిటీ జట్టుది మరింత వివరమైన పాఠం. కోచ్ డాన్ స్టేలీ 2017లో ఏజా విల్సన్, అలైనా కోట్స్ అనే ఇద్దరు పొడగరులతో సీజన్ నడిపారు. టోర్నీకి ముందు కోట్స్ గాయపడటంతో విల్సన్ చుట్టూ నలుగురు చురుకైన ఆటగత్తెలను పెట్టి కోర్టును విశాలం చేశారు. ఫైనల్లో మిసిసిపీ స్టేట్‌పై 67-55తో గెలిచారు, అందులో విల్సన్ వాటా 23 పాయింట్లు.

అదే జట్టు 2023 సెమీఫైనల్‌కు 36 వరుస విజయాలతో వచ్చింది. లోపల అలియా బోస్టన్ ఉంది. అయోవా డిఫెండర్లు బయట షూటింగ్ రాని గార్డులను పట్టించుకోకుండా వదిలేసి లేన్‌లో కాపు కాశారు. తప్పిన షాట్ల బంతిని పట్టుకోవడంలో, అంటే రీబౌండ్లలో, సౌత్ కరోలినా 49-25తో ముందుంది. అయినా మూడు పాయింట్ల షాట్లు 20 వేస్తే పడినవి నాలుగే. బోస్టన్ 8 పాయింట్లకు పరిమితమైంది. అయోవా 77-73తో గెలిచింది.

ఏడాది తిరిగేసరికి స్టేలీ బయటి నుంచి వేయగల షూటర్లను చేర్చుకున్నారు. 2024 ఫైనల్లో ఎదురైంది మళ్లీ అయోవాయే. ఈసారి సౌత్ కరోలినా 19 మూడు పాయింట్ల ప్రయత్నాల్లో 8 వేసింది. వాళ్లను వదిలి లోపలికి రావడం అయోవాకు కుదరలేదు. 6 అడుగుల 7 అంగుళాల కమిలా కార్డోసో 15 పాయింట్లు, 17 రీబౌండ్లు తీసింది. రీబౌండ్లు 51-29. ముందు ఏడాదికీ ఈ ఏడాదికీ రీబౌండ్ల తేడా దాదాపు ఒకటే, మారింది బయటి షాట్. సౌత్ కరోలినా 87-75తో గెలిచి, ఒక్క ఓటమి లేకుండా 38 విజయాలతో సీజన్ ముగించింది.