ఒకటి మన జడకు, ఒకటి పొరుగు పాపకు

వేసవి సెలవులు వచ్చాయంటే పామర్రు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు పట్టపగ్గాలుండవు. కాలువలో నీరుండదు, పొలాలు నెర్రెలిచ్చి ఉంటాయి, బడి ఉండదు. ఆ రోజుల్లోనే మన సంఘాల్లో సెలవుల బైబిలు పాఠశాలలు జరుగుతాయి. పాటలు, వాక్యం, కథ అయ్యాక పిల్లల చేతికి ఏదో ఒక పని ఇవ్వాలి. లేకపోతే రెండో రోజుకే సగం మంది తాటిముంజెల కోసం వెళ్ళిపోతారు.

ఈసారి గుడ్డపీలికలతో జడపూలు, తలబ్యాండ్లు చేయిద్దామని సండే స్కూలు టీచర్లం అనుకున్నాం. ఆ మాట విని సంఘపెద్ద ఒకాయన మమ్మల్ని పిలిచి, "అమ్మా, జడల అలంకారం వద్దని పేతురుగారు రాస్తే, మీరు దేవుని మందిరంలోనే జడపూలు నేర్పుతారా?" అని అడిగారు.

మేము నొచ్చుకోలేదు. అది అడగవలసిన ప్రశ్నే. మన సంఘాల్లో పూలు పెట్టుకునే కుటుంబాలున్నాయి, పెట్టుకోని కుటుంబాలూ ఉన్నాయి. ఇరువురూ ఒకే ప్రభువు బల్లలో పాలుపొందుతున్నారు. "తాతగారూ, మీ మాట మనసులో పెట్టుకునే నేర్పుతాం" అని చెప్పి వచ్చాం.

జడ మీద మనసు

మన సీమలో పుట్టిన పాపకు జడ మీద మనసు పోవడం వింత కాదు. పామర్రు నుండి చల్లపల్లి దారిలో వెళితే కూచిపూడి వస్తుంది. అక్కడి భామాకలాపంలో సత్యభామ జడకు ఎంత పేరుందో అందరికీ తెలుసు. ఇటు బందరు వెళితే చిలకలపూడి. రాగి, ఇత్తడి నగలకు బంగారుపూత వేసే పనికి ఆ ఊరు ప్రసిద్ధి. ఇక మల్లెల కాలంలో అరటి పట్ట మీద మొగ్గలు కుట్టి పూలజడ వేయడం, వెనుక అద్దం పెట్టి స్టూడియోలో ఫోటో తీయించడం మన అమ్మమ్మల నాటి నుండి ఉన్న ముచ్చట.

ఇప్పుడు ఫ్యాన్సీ షాపులో అట్టకు గుచ్చిన ప్లాస్టిక్ క్లిప్పులు దొరుకుతున్నాయి. కొనడం తేలికే. అవి విరిగితే పారవేస్తాం. తన చేత్తో కుట్టిన పువ్వును మాత్రం ఏ పాపా పారవేయదు.

చేసే విధానం

ముందుగా గుడ్డ. పామర్రులో దర్జీలను అడిగితే సంచెడు ముక్కలు ఊరికే ఇచ్చారు. వాటిలో పెడన కలంకారీ ముక్కలు కూడా ఉన్నాయి. టేకు అచ్చులతో అద్దే ఆ గుడ్డను కరక్కాయ రసంలో తడుపుతారని, తుప్పు ఇనుమును బెల్లపు నీళ్ళలో ఊరబెట్టి నల్లరంగు తీస్తారని, ఎరుపు పట్టడానికి పటిక వాడతారని చెబితే పిల్లలు ఆ ముక్కలను తిప్పి తిప్పి చూశారు. పక్క ఊరి పనివారి కష్టం తమ చేతిలో ఉందని వాళ్ళకు అప్పుడు తెలిసింది.

*జడపువ్వు:* చంటిపిల్లల గాజు గుడ్డ మీద పెట్టి పెన్సిలుతో గీసి, అయిదు గుండ్రటి ముక్కలు కత్తిరించండి. ఒక్కొక్కటి సగానికి, మళ్ళీ సగానికి మడవండి. సూదిలో రెండు పోగుల దారం ఎక్కించి, మడతల గుండ్రటి అంచు వెంట పెద్ద పెద్ద కుట్లు వేసి దారం లాగితే కుచ్చు పడి రేకు అవుతుంది. అదే దారానికి అయిదు రేకులూ వరుసగా గుచ్చి, చివరి రేకును మొదటి రేకుతో కలిపి ముడి వేయండి. నడుమ పాత చొక్కా గుండీ గానీ పూస గానీ కుట్టండి. వెనుక తలపిన్ను పెట్టి నాలుగు కుట్లు వేస్తే పువ్వు సిద్ధం.

*జుట్టు బ్యాండు:* ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు, నలభై అయిదు సెంటీమీటర్ల పొడవు గల పీలిక తీసుకోండి. మంచి వైపు లోపలికి వచ్చేలా పొడుగునా మడిచి, అంచు కుట్టి, గొట్టంలా తిరగతీయండి. పద్దెనిమిది సెంటీమీటర్ల ఎలాస్టిక్‌ను పిన్నీసుకు తగిలించి లోపల దూర్చి, రెండు కొసలూ ముడివేసి, గుడ్డ మూతి కుట్టేయండి.

తల్లులకు ఒక మాట. సూదులు ఇచ్చేటప్పుడు లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. పూసలు పాకే పిల్లలకు అందనివ్వకండి. నైలాను రిబ్బను కొస చెదరకుండా కొవ్వొత్తి సెగ చూపించే పని పెద్దవాళ్ళే చేయాలి.

మేము చేసిన పొరపాటు

మూడో రోజున ఉత్సాహం పెంచుదామని "అందరికంటే అందమైన పువ్వు చేసినవారికి బహుమతి" అని చెప్పాం. మరునాడు కలిగిన ఇళ్ళ పిల్లలు ముత్యాలపూసలు, అద్దాలు, జరీ అంచులు తెచ్చుకున్నారు. మిగిలినవాళ్ళ దగ్గర దర్జీ పీలికలే ఉన్నాయి. మొదటి రోజు ఒకే చాప మీద కూర్చున్న పిల్లలు రెండు గుంపులయ్యారు. పూసల డబ్బా మూత మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

ఎండాకాలపు గడ్డలకు గుండు చేయించిన ఏడేళ్ళ పాప ఒకతె, సగం కుట్టిన పువ్వును నలిపి పక్కన పడేసింది. "నాకు జుట్టే లేదు, నాకెందుకు టీచరుగారూ?" అంది. మాకు మాట రాలేదు.

పెద్దాయన భయపడినదే జరిగింది. అయితే దాన్ని తెచ్చింది జడపువ్వు కాదు, మేము పెట్టిన పోటీ.

ఆ రాత్రి మొదటి పేతురు 3:3, 4 మళ్ళీ చదివాం. అపొస్తలుని కాలంలో రోమా పట్టణాల ధనిక స్త్రీలు జుట్టును అంతస్తులుగా అల్లి బంగారంతో అలంకరించుకునేవారు. 1 తిమోతి 2:9లో పౌలుగారు బంగారం, ముత్యాలు, మిగుల వెలగల వస్త్రాలు అని పేరుపేరునా చెప్పారు. అలాంటి తల ఒకటి సంఘంలో కూర్చుంటే పక్కనున్న బీద సహోదరి తల వంచుకోక ఏం చేస్తుంది? సాధువైన మృదువైన మనసే అసలైన అలంకారమని చెప్పిన మాట ఆ రాత్రి పిల్లలకు కాదు, మాకే తగిలింది.

అదే బైబిలులో నిర్గమకాండము 35వ అధ్యాయంలో చేతిపని తెలిసిన స్త్రీలు మందిరం కోసం నూలు, మేకవెండ్రుకలు వడికారు. బెసలేలుకు దేవుడు పనితనంతోపాటు ఇతరులకు నేర్పే మనసు కూడా ఇచ్చాడు. 38:8లో స్త్రీల ఇత్తడి అద్దాలు కరగి మందిరపు గంగాళం అయ్యాయి. ముఖం చూసుకునే అద్దం అందరి కోసం ఇచ్చేసరికి పరిశుద్ధమైన పనికి వచ్చింది.

చీట్ల పద్ధతి

మరునాడు పొద్దున్నే పిల్లల ముందు మా తప్పు ఒప్పుకున్నాం. బహుమతి లేదన్నాం. అందరి పూసలూ ఒకే పళ్ళెంలో పోయించాం. ప్రతివారూ రెండేసి చేయాలి, ఒకటి తనకు, ఒకటి చీటీలో పేరు వచ్చినవారికి. పూలు పెట్టుకోని ఇళ్ళ పిల్లలు అదే పువ్వును రిబ్బనుకు కుట్టి బైబిలులో గుర్తుకు పెట్టుకున్నారు. మగపిల్లలు ఇంట్లో అమ్మకో, అక్కకో చేశారు.

గుండు పాప చీటీలో పేరు వచ్చిన పిల్లకు ఎర్రపువ్వు చేసి ఇచ్చింది. రెండోది మాత్రం తన సంచిలో వేసుకుంది. "జుట్టు వచ్చాక పెట్టుకుంటా" అంది. ఒక అబ్బాయి తల్లికి బ్యాండు చేశాడు, నాట్లప్పుడు ముడి జారకుండా ఉంటుందని. ఆమె మాకు కనబడి, "బురదవుద్దని పెట్టెలో దాచానండి" అని నవ్వింది.

కొందరు తల్లులు "వీటిని అమ్ముకోవచ్చా?" అని అడిగారు. తప్పక అమ్ముకోవచ్చు. చేతిపని మన సంఘాలకు కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ కుటుంబాలు గోదావరి వైపు నరసాపురం ప్రాంతంలో క్రైస్తవ స్త్రీలకు నేర్పిన లేసు అల్లిక విదేశాలకు వెళ్ళింది, 2024లో భౌగోళిక గుర్తింపు పొందింది. కానీ ఇంట్లో కూర్చుని అల్లిన స్త్రీకి దక్కింది అతి తక్కువ కూలి అని మరియా మీస్ 1982లో తన పుస్తకంలో రాశారు. అందుచేత గుడ్డ, దారంతోపాటు మీరు కూర్చున్న గంటలకు కూడా వెల కట్టండి.

పెద్దాయన ఇప్పటికీ ఆరాధనకు పూలు వద్దనే అంటారు. మేమూ వాదించం. అయినా చివరి రోజున పిల్లల చేతుల కోసం ప్రార్థన చేసింది ఆయనే. "ఆ చీట్ల సంగతి క్రిస్మస్‌కు కూడా పెట్టండమ్మా" అన్నారు.

తల్లులారా, ఈ సెలవుల్లో ఒక మధ్యాహ్నం మీ పిల్లలతో చాప మీద కూర్చోండి. రెండు పూలు కుట్టించండి. రెండోది ఎవరికని వాళ్ళనే అడగండి. మన తలవెండ్రుకలన్నీ లెక్కించిన తండ్రి, జుట్టు లేని పాపను కూడా మరువడని వాళ్ళకు చెప్పండి.