పుంజా, పెట్టా? తేల్చేది తల్లే

గుడ్డులోని పిల్ల ఆడో మగో, దానికెంత సత్తువో తల్లిపక్షి చేతిలోనే ఉంది. ఆ కిటుకు దొరికితే కోళ్ల పరిశ్రమలో ఒక సంహారం ఆగుతుంది.

ఖరగ్‌పూర్‌లోని న్యూ సెటిల్‌మెంట్ తెలుగు కుటుంబాలు రైల్వే కొలువుల కోసం ఆంధ్ర నుంచి తరలివచ్చినవి. ఆంధ్రా గుడ్లదీ అదే దారి. గోదావరి జిల్లాలను కోల్‌కతాతో కలిపే 16వ నంబరు జాతీయ రహదారి ఖరగ్‌పూర్ మీదుగానే పోతుంది. ఫారంలో గుడ్లు పెట్టే ప్రతి పెట్టకూ సగటున ఒక పుంజు తోబుట్టువు ఉంటుంది. హేచరీలో దాన్ని సాధారణంగా పుట్టిన రోజే చంపేస్తారు. అది గుడ్లు పెట్టదు, బ్రాయిలర్‌లా కండ పట్టదు. మేపడం దండగన్నది వ్యాపారుల లెక్క.

మనుషుల్లో బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి వీర్యకణం. అయినా ఆడపిల్ల పుడితే నింద కోడలికే. పక్షుల్లో వ్యవహారం తలకిందులు. పుంజుకు రెండూ జడ్ క్రోమోజోములే. పెట్టకు ఒకటి జడ్, మరొకటి డబ్ల్యూ. అండంలో ఏది మిగిలితే పిల్ల అదే.

తల్లి ఆ ఎంపికను ప్రభావితం చేయగలదా? సీషెల్స్‌లోని కజిన్ దీవిలో వార్బ్లర్ పిట్టలపై యాన్ కొమ్‌డ్యూర్ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనం ఔననే అంటోంది. ఆ పిట్టల్లో ఎక్కువగా కూతుళ్లే ఇంటిపట్టున ఉండి తల్లికి సాయపడతాయి. పురుగులు పుష్కలంగా దొరికే చోట పిల్లల్లో మగవి 13 శాతమే. తిండికి కటకటగా ఉన్న చోట 77 శాతం. కరువులో సాయానికి ఉండిపోయే కూతురు కూడా భారమే మరి. న్యూజిలాండ్‌లో అంతరించిపోతున్న కాకపో చిలుకలకు దండిగా మేత పెడితే మగపిల్లలు ఎక్కువయ్యాయి. మేతను సరిచేశాక 2002లో ఆ అసమతౌల్యం తొలగింది.

పిల్ల సత్తువలోనూ తల్లి చేయి ఉంది. చివరి గుడ్ల పచ్చసొనలో కెనరీ పిట్ట టెస్టోస్టెరాన్ ఎక్కువగా నింపుతుందని హ్యూబర్ట్ ష్వాబుల్ 1993లో చూపారు. ఆలస్యంగా పొదిగిన పిల్ల వెనకబడకుండా అదో దన్ను. కోళ్ల రైతులకు ఇది కొత్త కాదు. తల్లికోళ్లకు కొక్కెర తెగులు టీకా వేస్తే పచ్చసొన ద్వారా పిల్లలకూ కొద్ది రోజులు రక్షణ అందుతుంది.

అయితే ఫారం కోడి దగ్గర ఈ విద్య ఇంకా పారలేదు. అమెరికాలో 2011 నాటి ప్రయోగంలో అండం విడుదలకు కొద్ది గంటల ముందు పెట్టలకు టెస్టోస్టెరాన్ ఇస్తే పుంజులే పెరిగాయి. పరిశ్రమకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. పుంజుపిల్లల సంహారాన్ని 2022 నుంచి నిషేధించిన జర్మనీలో, పిల్ల పొదగక ముందే గుడ్డును పరీక్షించి వేరుచేసే యంత్రాలు వచ్చాయి. అవి ఖరీదైనవి. పెట్ట మాత్రం అదే పనిని పైసా ఖర్చు లేకుండా, గుడ్డు పెట్టడానికి ఒక రోజు ముందే ముగించేస్తుంది.