పాముకు పగ అంటగట్టకండి

వానలు మొదలైతే ఈ కబురూ మొదలవుతుంది. ఫలానా వాళ్లు పామును కొట్టి చంపారట, దాని జోడు పగబట్టిందట! ఇక ఆ వీధిలో కనబడ్డ ప్రతి జెర్రిపోతూ కర్రల పాలే. అంతకన్నా ఘోరం, కాటు పడిన మనిషిని ఆసుపత్రికి కాకుండా ‘పగ తీర్చే’ మంత్రగాడి దగ్గరికి మోసుకెళ్లడం. 2000–2019 మధ్య మన దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది బలయ్యారని అంచనా. అందులో సగం మరణాలు జూన్–సెప్టెంబరు నెలల్లోనే. పగకూ నైరుతి రుతుపవనాలు రావాలి కాబోలు!

అపోహ: పాము పగ పన్నెండేళ్లు.

వాస్తవం: జంతువు ఒక పని ఎందుకు చేసిందన్నది ఒక్క ప్రశ్న కాదు. జంతువుల నడతను అధ్యయనం చేసిన శాస్త్రవేత్త నికో టిన్‌బెర్గెన్ 1963లోనే దాన్ని నాలుగుగా విడగొట్టాడు. ఆ క్షణంలో దాన్ని కదిలించిందేమిటి? పుట్టాక ఆ నడత ఎలా అబ్బింది? దానివల్ల బతకడానికి లాభమేమిటి? పూర్వీకుల నుంచి ఎలా వచ్చింది?

నాగుపామునే తీసుకోండి. కాటుకు కారణం మీద పడిన కాలు, పక్కనే కదిలిన చెయ్యి. గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన పిల్ల కూడా పడగెత్తి కాటేయగలదు; మీ నాన్న చేసిన ద్రోహం దానికెవరు చెప్పారు? విషం ఉన్నది ఎలుకను పడగొట్టడానికి. మింగలేని మనిషి మీద ఖర్చు చేయడం దండగ, అందుకే ముందు బుసకొట్టి బెదిరిస్తుంది. కొన్నిసార్లు కరిచినా విషం వదలదు. ఇక ఆ పడగ ఆసియా, ఆఫ్రికా తాచులకు వంశపారంపర్యంగా వచ్చిన బెదిరింపు. ఈ నాలుగు జవాబుల్లో ఎక్కడా మనిషి ముఖం గుర్తుపెట్టుకునే పని లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పదు. చంపిన చోటికే రెండో పాము రావడం కొందరు కళ్లారా చూసి ఉండవచ్చు. జతకట్టే కాలంలో ఆడపాము వదిలిన వాసన జాడను మగపాము నాలుకతో పసిగట్టి వెంబడిస్తుంది. అది తోడు కోసం వచ్చింది, ప్రతీకారానికి కాదు.

అపోహ: నాగస్వరానికి తలాడిస్తుంది.
వాస్తవం: ఊగుతున్న బూరను చూసి.

అపోహ: పాలంటే ప్రాణం.
వాస్తవం: దాని తిండి ఎలుకలూ కప్పలూ. దాహంతో మాడ్చి పెడితే ఏదైనా తాగుతుంది.

అపోహ: జెర్రిపోతు, నాగుపాము పెనవేసుకుని జతకడతాయి.
వాస్తవం: అలా పెనవేసుకుని లేచేవి సాధారణంగా రెండు మగ జెర్రిపోతులు, కుస్తీ పడుతుంటాయి. ఒంట్లోని హార్మోన్ల వల్లా, ఆడపాము కోసమా అని తగవు పడొద్దు. రెండూ నిజమే, వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఒకే ఇంటికి పాములు మాటిమాటికీ వస్తుంటే శాంతి చేయించే ముందు ధాన్యం బస్తాల వెనక ఎలుక కన్నాలు పూడ్చండి, కట్టెల మోపు దూరంగా పెట్టండి. నేల మీద పడుకోక తప్పకపోతే దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. రాత్రి టార్చి లేకుండా గడప దాటొద్దు. కాటు పడితే కోయొద్దు, కట్టు బిగించొద్దు. మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయండి. మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒక్కటే. కాబట్టి పామును వెతికి చంపి తెచ్చేదాకా ఆగకండి, బయల్దేరండి.