కౌంటర్ వెనక కుర్రాడు!

సినిమా పిచ్చి ఉన్న కుర్రాడికి తొలి ఉద్యోగం ఎక్కడ దొరికితే బావుంటుంది? స్టూడియోలో అంటారా? అది అందరికీ అందే పండా! వీడియో షాపులో దొరికినా చాలనుకునేవాళ్ళు 1980ల అమెరికాలో బోలెడుమంది.

జీతం పెద్దదేం కాదు. పనేమో చాకిరీ! తిరిగొచ్చిన క్యాసెట్టు రివైండ్ చేసి ఉందో లేదో చూడాలి, లేకపోతే తనే చెయ్యాలి. అక్షరక్రమంలో అరల్లో సర్దాలి. వీడియో గేము డబ్బాలో గేము ఉందో, వట్టి డబ్బాయే తిరిగొచ్చిందో విప్పి చూసుకోవాలి. గడువు దాటి తెచ్చిన పెద్దమనిషి దగ్గర జరిమానా వసూలు చెయ్యాలి... అదీ మొహాన నవ్వు చెదరకుండా!

అసలు పరీక్ష వేరే ఉంది. "ఏదైనా మంచి సినిమా ఇవ్వు బాబూ" అంటారు వచ్చినవాళ్ళు. మంచిదంటే ఎవరికి? పిల్లల తల్లికి ఇచ్చేది కాలేజీ జంటకి నచ్చదు. ఎదుటి మనిషిని చూసి, కథ బైటపెట్టకుండా, రెండు మాటల్లో రుచి చూపించాలి. నచ్చకపోతే ఆ మనిషే మళ్ళీ వచ్చి కౌంటర్ ముందు నిలదీస్తాడు!

క్వెంటిన్ టరంటినో అలా నిలబడ్డవాడే. హైస్కూలు మధ్యలోనే మానేసినవాడు. టీనేజీ దాటాక కాలిఫోర్నియాలోని మన్‌హాటన్ బీచ్‌లో 'వీడియో ఆర్కైవ్స్' అనే షాపులో గుమాస్తాగా చేరాడు. పక్కన పనిచేసినవాడు రోజర్ ఏవరీ. 1994లో వచ్చిన 'పల్ప్ ఫిక్షన్' రచనకి ఇద్దరూ కలిసి ఆస్కార్ అందుకున్నారు.

మన రామ్‌గోపాల్‌వర్మ సంగతి మీకు తెలిసిందే. సివిల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదు అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపి, 1989లో 'శివ' తీశారు.

షాపులో కూర్చున్న ప్రతివాడూ దర్శకుడైపోతాడని కాదు సుమండీ! కానీ ప్రేక్షకుడి మనసు అంత దగ్గరగా కనపడే చోటు కుర్రాడికి ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆ చోటే పోయింది. 1985లో డల్లాస్‌లో ఒక్క షాపుతో మొదలైన 'బ్లాక్‌బస్టర్', 2004 నాటికి సుమారు 9 వేల షాపులకి పెరిగింది. 2010లో దివాలా తీసింది. 2019 నాటికి మిగిలింది ఒకే ఒక్కటి, ఆరెగాన్ రాష్ట్రంలో బెండ్ అనే ఊళ్ళో! ఆ ఊరి టీనేజీ పిల్లలు ఎందరికో తొలి జీతం ఇచ్చింది ఆ షాపే.

ఇప్పుడు సినిమా చూపించేదీ ఫోనే, ఏది చూడాలో చెప్పేదీ ఫోనే. నచ్చకపోతే నిలదీద్దామన్నా ఎదురుగా మనిషి లేడు. చెప్పడం నేర్చుకుందామనుకునే కుర్రాడికి కౌంటరూ లేదు.

అంచేత ఈసారి హాల్లోంచి బైటికొచ్చాక "ఎలా ఉందిరా?" అని ఎవరైనా అడిగితే "సూపర్", "ఫట్" అని తప్పించుకోకండి. అది ఎవరికి నచ్చుతుందో, ఎందుకో రెండు మాటల్లో చెప్పి చూడండి. జీతం రాదనుకోండి... పని మాత్రం వస్తుంది!