ఈమెయిలునకు చేవ్రాలు

ఉత్తరమునకు చేవ్రాలు ఎట్టిదో ఈమెయిలునకును అట్టిదే. కళాశాలకు వ్రాయు విద్యార్థియైనను, చీరల బేరమునకు వ్రాయు సిరిసిల్ల నేతగాడైనను తానెవరో తెలుపనిచో ప్రత్యుత్తరము రాకపోవచ్చును.

కంప్యూటరుపై జీమెయిలు సెట్టింగులన్నియు తెరచి, ‘సిగ్నేచర్’ అను చోట క్రొత్తదానిని సృష్టించి, పేరు, తరగతి లేక వృత్తి, ఊరు వ్రాయవలెను. క్రొత్త ఉత్తరములకు దానినే ఎన్నుకొని, పుట అడుగున నున్న ‘సేవ్’ మీట నొక్కవలెను. నొక్కనిచో శ్రమ వ్యర్థము.

నాలుగు పంక్తులు చాలునని 1995 నాటి అంతర్జాల మర్యాదల పత్రము తెలుపుచున్నది. మన ఊరు 2016 అక్టోబరు 11 నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది గనుక, కరీంనగరు జిల్లా యని యున్న పాత చేవ్రాలును దిద్దుకొనుడు. ఆధార్ సంఖ్యను ఎన్నడును చేర్చకుడు.

ఇట్టి చేవ్రాలును ఎవరైనను టైపు చేయగలరు. ఇది 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము గుర్తించిన డిజిటల్ సంతకము కాదు. కావున పేరు చూచినంతనే నమ్మి సొమ్ము పంపరాదు.