పచ్చికబయళ్ల ఆరోగ్యానికి నేలకసవు కొలమానం

కీలకపదాలు: సహజ పచ్చికబయలు, నేలకసవు, మేత, ప్రమాణస్థలం, రోళ్లపాడు

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘కసవు’ అన్న మాటకు గడ్డి అనీ, ఊడ్చి పారవేసే చెత్త అనీ రెండర్థాలున్నాయి. పచ్చికబయళ్ల అధ్యయనంలో రాలిన ఆకులు, వాలిన కాడలు, మేతకు మిగిలిన నిరుటి ఎండుగడ్డి కలిసి నేలకసవు అవుతాయి. ఇది చినుకుల తాకిడిని తగ్గిస్తుంది. వాననీరు ఇంకడానికి వ్యవధినిస్తుంది. తేమ ఆవిరి కాకుండా కాపాడి, క్రమంగా కుళ్లి పోషకాలను మట్టికి చేరుస్తుంది. అందువల్ల దీనిని పచ్చికబయలు ఆరోగ్యానికి ఒక సూచికగా పరిగణిస్తారు.

2. కొలిచే విధానాలు

మొదటిది విస్తీర్ణాన్ని అంచనా వేయడం. ఒక సరళరేఖ వెంట నడుస్తూ నిర్ణీత అడుగులకొకసారి బూటు కొన కింద ఉన్నది కసవో, గడ్డి మొదలో, రాయో, వట్టి నేలో నమోదు చేస్తారు. నూరు బిందువులలో నలభై చోట్ల కసవు కనిపిస్తే దాని కప్పు 40 శాతం.

రెండవది పరిమాణాన్ని చూడడం. కెనడాలోని ఆల్బెర్టా రాష్ట్రంలో 0.25 చదరపు మీటరు చట్రంలోని కసవును చేతితో పోగుచేసి, అదే రకపు నేల, వాతావరణం గల ఆరోగ్యవంతమైన ప్రమాణస్థలంలో ఉండవలసిన మొత్తంతో పోలుస్తారు. అందులో 65 శాతానికి మించి ఉంటే మంచి స్థితిగా, 35 శాతం కంటె తక్కువైతే క్షీణతగా లెక్కిస్తారు.

3. అన్వయంలో జాగ్రత్తలు

కసవు తగ్గడం సాధారణంగా అతిమేతకు గుర్తు. అయితే అది పెరగడం ఎల్లప్పుడూ ఆరోగ్యలక్షణం కాదు. ఉత్తర అమెరికా ప్రెయిరీలలో చొరబడిన కెంటకీ బ్లూగ్రాస్ దట్టమైన కసవును పేర్చి, స్థానిక మొక్కల మొలకలను అణచివేస్తుంది. అక్కడ అధిక శాతం జాతుల నష్టాన్ని మరుగుపరుస్తుంది.

ఒక ప్రాంతపు అవధులను మరొక ప్రాంతానికి యథాతథంగా అన్వయించడమూ సరికాదు. పూర్వపు కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పక్షి రక్షణకై ఏర్పడింది. ఆ పక్షి గూడు కట్టదు, నేలపైనే గుడ్డు పెడుతుంది. ఇటువంటి మెట్టభూములలో వట్టి నేల కొంత సహజం. చెదలు కసవును త్వరగా హరిస్తాయి కనుక, వానల తరువాతి కొలతకూ వేసవి చివరి కొలతకూ పొంతన ఉండదు.

4. ముగింపు

నేలకసవు శాతాన్ని స్థానిక ప్రమాణస్థలంతో, ఏటా ఒకే ఋతువులో, వృక్షజాతుల కూర్పుతోనూ నేలకోత ఆనవాళ్లతోనూ కలిపి చదవాలి. ఆ పరిశీలన కొరవడితే సజీవమైన పచ్చికబయలు బంజరుగా నమోదై, చెట్ల పెంపకానికో ఇతర అవసరాలకో మళ్లిపోయే ప్రమాదముంది.