దిగితేనే దాటగలిగాం

తెల్లవారుజామున 4 గంటలు. తలకి లైటు, చేతులకి రెండు జతల గ్లవుజులు. నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్ ట్రెక్ మొత్తానికీ కష్టమైన రోజు ఇదే. థొరాంగ్ ఫేదీ నుంచి దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కి, 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దాటాలి. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర దొరికేదాంట్లో సగమే. పది అడుగులేస్తే ఆయాసం.

హై క్యాంప్ చేరేసరికి మా ఫ్రెండ్ 'తల పగిలిపోతోందిరా' అన్నాడు. వెంటనే వాంతి. కనుమ ఇంకో మూడు గంటలే! 'కాస్త ఓర్చుకో' అనబోయి ఆగాను. అలసటైతే కూర్చుంటే తగ్గుతుంది. ఎత్తు పడకపోతే మాత్రం కిందికి దిగాల్సిందే. యాక్ ఖర్కా దాకా వెనక్కి దిగాం. దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు.

వాడికి పూర్తిగా తగ్గాకే మళ్లీ ఎక్కాం. ఈసారి కనుమ మీద రంగురంగుల జెండాల దగ్గర ఫొటో దిగాం. హమ్మయ్య అనుకుంటే, అవతల 1,600 మీటర్ల దిగుడు! ముక్తినాథ్ చేరేసరికి సాయంత్రమైంది, మోకాళ్లు వణుకుతున్నాయి.

మర్నాడు గుడి దగ్గర 108 ధారల్లో మంచులాంటి నీళ్లు. ముందుగా తల పెట్టింది వాడే.

మీరూ వెళ్తుంటే ఒక్కమాట: తలనొప్పి వస్తే దాచొద్దు. కనుమ ఎక్కడికీ పోదు.